టూ-స్ట్రోక్ సైలెన్సర్: ఏ రేకు, ఏ వెల్డింగ్, ఎవరి చెయ్యి

యమహా ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగిపోయింది. అయినా ఆ బండికి కొత్త సైలెన్సర్ చేయించుకోవాలని తిరిగే కుర్రాళ్లకు ఇప్పటికీ కొదవ లేదు. ఆర్‌ఎక్స్ 135, రాజ్‌దూత్ 350 ఉన్నవాళ్లదీ అదే దారి. కంపెనీ సైలెన్సర్ తుప్పు పట్టిపోతుంది, అసలుది దొరకదు, దొరికిన నకిలీ నాలుగు నెలలకే చీలిపోతుంది. అప్పుడు వెల్డింగ్ షాపుకి వెళ్లి అందరూ ముందుగా అడిగేది ఒకటే: "అన్నా, ఎంఎస్‌లో చేయిస్తే మేలా, ఎస్ఎస్‌లోనా?"

ఎంఎస్ అంటే మైల్డ్ స్టీల్, మామూలు ఉక్కు రేకు; ఎస్ఎస్ అంటే స్టెయిన్‌లెస్ స్టీల్. నా లెక్కలో ఈ ప్రశ్న తలకిందులుగా ఉంది. ముందు అడగాల్సింది వెల్డింగ్ ఎవరు చేస్తారు, ఏ మిషన్‌తో చేస్తారు అని. దానికి జవాబు తెలిస్తే లోహం సంగతి దాదాపు అదే తేలిపోతుంది. మంచి లోహాన్ని చేతకాని వెల్డింగ్‌తో పాడుచేసుకునేకంటే మామూలు రేకును సరిగ్గా అతికించుకోవడం అన్ని విధాలా లాభం. ఎందుకో చెప్పాలంటే అసలు ఈ పైపు ఏం చేస్తుందో కాస్త చూడాలి.

పవర్ ఎక్కడి నుంచి వస్తుంది

టూ-స్ట్రోక్ ఇంజన్‌లో పొగ బయటికి పోయే దారికి వాల్వు లేదు. పిస్టన్ కిందికి దిగితే సిలిండర్ గోడలోని పోర్టు తెరుచుకుంటుంది, పైకి లేస్తే మూసుకుంటుంది. పోర్టు తెరుచుకోగానే ఒత్తిడి తరంగం ఒకటి పైపులోకి దూసుకుపోతుంది. పైపు వెడల్పయ్యే కోను దగ్గర ఆ తరంగంలో కొంత భాగం లాగే తరంగంగా మారి వెనక్కి వస్తుంది. సిలిండర్‌లోని పాత పొగను బయటికి లాగి, కొత్త మిశ్రమాన్ని లోపలికి రప్పిస్తుంది. ఆ ఊపులో కొంత కొత్త పెట్రోలు మిశ్రమం కూడా పైపులోకి జారిపోతుంది. చివర్లో సన్నబడే కోను దగ్గర తరంగం ఈసారి నెట్టే తరంగంగా వెనక్కి తిరిగి, జారిపోయిన మిశ్రమాన్ని పోర్టు మూసుకునే లోపు మళ్లీ సిలిండర్‌లోకి తోస్తుంది.

ఈ విద్యను రేసింగ్‌లో ఒక స్థాయికి తెచ్చినవాడు తూర్పు జర్మనీలోని చోపావ్‌లో ఎంజెడ్ అనే బైకుల కంపెనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్. 1961లో ఆయన రైడర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ దేశం విడిచి పారిపోయి సుజుకీలో చేరాడు. మరుసటి ఏడాదే సుజుకీ 50 సీసీ ప్రపంచ ఛాంపియన్‌షిప్ గెలిచింది. సుజుకీకి దక్కినది కొలతలూ, ఆ కొలతల వెనకున్న తర్కమూ. ఏదో అరుదైన లోహం కాదు.

లెక్క కష్టమేమీ కాదు. తరంగం వెళ్లి రావడానికి పట్టే సమయం, పోర్టు తెరిచి ఉండే సమయంతో కుదరాలి. పొగలో ధ్వని వేగాన్ని (సెకనుకు మీటర్లలో) ఇంజన్ ఒక చుట్టులో పోర్టు తెరిచి ఉండే డిగ్రీలతో గుణించి, 12 రెట్ల ఆర్‌పీఎంతో (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లతో) భాగిస్తే పైపు పొడవు మీటర్లలో వస్తుంది. పోర్టు 180 డిగ్రీలు తెరిచి ఉండే ఇంజన్‌కు 8,000 ఆర్‌పీఎం దగ్గర పవర్ కావాలనుకుందాం. ధ్వని వేగం 520 అనుకుంటే పొడవు సుమారు 975 మి.మీ. ఈ సూత్రంలో లోహం పేరు ఎక్కడా రాదు. వేడి మాత్రం వస్తుంది, ఎందుకంటే ధ్వని వేగం వేడిని బట్టి మారుతుంది. పైపులో సగటు వేడి 450 డిగ్రీల నుంచి 550కి పెరిగితే ధ్వని వేగం దాదాపు 7 శాతం పెరుగుతుంది. అంటే 8,000 దగ్గర రావాల్సిన పవర్ 8,500 దాటాక వస్తుంది.

ఇక్కడే ఒక అపోహ పుట్టింది. "స్టెయిన్‌లెస్ వేడిని బయటికి పోనివ్వదు, అందుకే పవర్ ఎక్కువ" అని చాలామంది నమ్ముతారు. స్టెయిన్‌లెస్‌కి ఉష్ణ వాహకత తక్కువన్నది నిజమే: అందులో 304 అనే గ్రేడుకు దాదాపు 16 వాట్/మీ.కెల్విన్ ఉంటే మైల్డ్ స్టీల్‌కు 50 చుట్టూ ఉంటుంది. కానీ మనం మాట్లాడుతున్నది 1 మి.మీ. రేకు గురించి. అంత పల్చటి గోడ దాటడానికి వేడికి ఏ లోహంలోనైనా పెద్దగా అడ్డు ఉండదు. అసలు అడ్డు గోడ దాటి గాల్లోకి పోవడం దగ్గర ఉంది. ఆ అడ్డు రేకు పెట్టే అడ్డు కంటే వందల రెట్లు పెద్దది. కాబట్టి ఎంఎస్ అయినా ఎస్ఎస్ అయినా పైపులోని పొగ వేడిలో చెప్పుకోదగ్గ తేడా రాదు. తేడా తెచ్చేది పైపు పైభాగం. నల్ల రంగు పూసినదో తుప్పెక్కినదో వేడిని బాగా వెదజల్లుతుంది, మెరిసే క్రోమ్ తక్కువగా. పైపుకు గాలి ఎంత తగులుతుందనేది అంతకంటే ముఖ్యం. ఎస్ఎస్ పైపు మార్చాక బండి పుంజుకుందని ఎవరైనా అంటే, కొత్త పైపు కొలతలు మారాయా అని అడగండి.

ఎంఎస్: ముందు ఇదే చూడండి

అలాంటప్పుడు లోహానికి మూడు పనులే మిగులుతాయి: ఆకారాన్ని నిలబెట్టడం, వణుకుకు చీలకుండా ఉండటం, తుప్పుకు తట్టుకోవడం. మైల్డ్ స్టీల్ మొదటి రెండింటిలో ఎవరికీ తీసిపోదు. మూడో దాంట్లోనే వెనకబడుతుంది, అదీ బయటివైపు. టూ-స్ట్రోక్ పైపు లోపలంతా ఆయిల్ పొర పట్టి ఉంటుంది కాబట్టి, రోజూ తిరిగే బండిలో లోపలి తుప్పు పెద్ద సమస్య కాదు. నెలల తరబడి పక్కన పెట్టేసిన బండి సంగతి వేరు. లోపల చెమ్మ పేరుకుని తొర్రలు పడతాయి.

షాపుకి వెళ్తే "సీఆర్ షీట్" అని అడగాలి, అంటే చల్లగా రోల్ చేసిన రేకు. హెచ్ఆర్ షీట్ (వేడిగా రోల్ చేసినది) మీద నల్లటి పొలుసు ఉంటుంది. అది గీకకుండా ఆర్గాన్ వెల్డింగ్ (ఆర్గాన్ గ్యాస్ కాపులో చేసేది) చేస్తే అతుకులో చెత్త కలుస్తుంది. సీఆర్‌లోనూ గ్రేడులున్నాయి, బాగా సాగేవి, మామూలువి అని. కోనులు చుట్టడానికి మామూలు గ్రేడు సరిపోతుంది. రెండు రేకుల అంచులు వెల్డ్ చేసి లోపలికి నీటి ఒత్తిడి పెట్టి ఉబ్బించే పద్ధతిలో చేయాలంటే మాత్రం సాగే గ్రేడు తీసుకోవాలి. ఈ ఉబ్బించే పని నీటితోనే చేయాలి. కంప్రెసర్ గాలితో ప్రయత్నిస్తే అతుకు తెగినప్పుడు అది బాంబే.

గేజి దగ్గర మోసపోకండి. 22 గేజి అంటే సుమారు 0.7 మి.మీ., 20 అంటే 0.9, 18 అంటే 1.2. షాపువాడు చెప్పిన గేజి కంటే మందం కొలిచే వెర్నియర్ చెప్పింది నమ్మండి. చిన్న బళ్లకు నేను 1 మి.మీ. అంటాను. 0.8తో చేసిన పైపు తేలిక, రేసుకు బాగుంటుంది. కానీ వెల్డర్ చెయ్యి ఒక్క క్షణం ఆగితే బొక్క పడుతుంది, రాయి తగిలితే సొట్ట పడుతుంది, పైగా రేకు డబ్బాలా గణగణమంటుంది. ఇంతా చేసి మిగిలే బరువెంత? పైపు ఉపరితలం 0.2 చదరపు మీటర్లు అనుకుంటే 1 మి.మీ. రేకుతో దాదాపు 1.6 కిలోలు, 0.8తో 1.25 కిలోలు. ఆ 350 గ్రాముల కోసం రోడ్డు బండికి అంత టెన్షన్ అక్కర్లేదు.

ఇంజన్‌కు తగిలే బెండు పైపు మాత్రం 1.5 మి.మీ. ఉండాలి. అక్కడ వేడీ వణుకూ రెండూ ఎక్కువ. బెండు వంచే యంత్రం దొరక్కపోతే పైపులో ఇసుక దట్టించి కాల్చి వంచే పాత పద్ధతి ఇప్పటికీ పనిచేస్తుంది. ఇసుక పూర్తిగా ఎండినదై ఉండాలి. తడి ఉంటే ఆవిరి పట్టి, మూసిన చివర తుపాకీ గుండులా ఎగిరిపోతుంది.

ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకూడనిది జీఐ రేకు, అంటే జింకు పూత వేసిన రేకు. పైనున్న జింకు 907 డిగ్రీలకే మరుగుతుంది, ఉక్కు కరగడానికి 1,500 కావాలి. అంటే వెల్డ్ చేసినంతసేపూ తెల్లటి జింకు పొగ లేస్తూనే ఉంటుంది. అది పీల్చిన వెల్డర్‌కి ఆ రాత్రి చలిజ్వరం ఖాయం. అతుకంతా రంధ్రాలు కావడం అదనం. పాత క్రోమ్ సైలెన్సర్‌ను కోసి అతికించేటప్పుడూ అంతే, అతుకు చుట్టూ క్రోమ్‌ను పూర్తిగా గీకేయాలి.

ఎస్ఎస్: ఏ ఎస్ఎస్?

మన ఊళ్లలో స్టెయిన్‌లెస్ అంటే మెట్ల రెయిలింగుల షాపు. అక్కడ ఎక్కువగా కనిపించేది 202 గ్రేడు: నికెల్ తగ్గించి మాంగనీస్ పెంచిన చవక రకం. మనకు కావాల్సింది 304, అంటే సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్నది. "అయస్కాంతం పెట్టి చూశాం, అంటుకోలేదు, ఒరిజినల్ 304" అనే మాట నమ్మకండి. 202కి కూడా అయస్కాంతం అంటుకోదు. మాంగనీస్ ఎక్కువుందో లేదో చెప్పే చుక్కల మందు తుక్కు వ్యాపారుల దగ్గర ఉంటుంది, ఒక్క చుక్కతో తేలిపోతుంది. అయస్కాంతం అంటుకుంటే మాత్రం అది బహుశా 409 లాంటి రకం. తప్పేం కాదు, కార్ల కంపెనీలు ఎగ్జాస్ట్‌లకు వాడేది ఎక్కువగా అదే. కానీ కాలక్రమంలో పైన గోధుమ రంగు తుప్పు కనిపిస్తుంది.

304తో రెండు చిక్కులున్నాయి. మొదటిది వ్యాకోచం. మీటరు పొడవు పైపు సగటున 300 డిగ్రీలు వేడెక్కితే ఎంఎస్ సుమారు 3.6 మి.మీ. సాగుతుంది, 304 దాదాపు 5 మి.మీ. ఆ 5 మి.మీ. ఎక్కడికో పోవాలి. రెండు చివర్లా గట్టిగా బిగించేస్తే అతుకుల మీద పడుతుంది. అందుకే బెండు దగ్గర స్ప్రింగులతో పట్టుకునే జారే జాయింటు, వెనక రబ్బరు బుష్‌తో బ్రాకెట్ పెట్టాలి. ఎంఎస్‌కి ఇవి ఉంటే మంచిది, ఎస్ఎస్‌కి తప్పనిసరి.

రెండో చిక్కు వెల్డింగ్‌లో వస్తుంది. పైన చెప్పిన తక్కువ ఉష్ణ వాహకత ఇక్కడ నిజంగా దెబ్బతీస్తుంది: వేడి పక్కకు పోకుండా అతుకు దగ్గరే నిలిచి రేకును వంకర తిప్పుతుంది. అంతకంటే ముఖ్యం లోపలివైపు. బయట టార్చి నుంచి ఆర్గాన్ కాపు కాస్తుంది, లోపల గాలి ఉంటుంది. కరిగిన స్టెయిన్‌లెస్ ఆ గాలి తగిలి మాడిన బెల్లం గడ్డల్లా గరుకుగా తయారవుతుంది. బయట నుంచి చూస్తే బంగారు రంగులో అందంగా ఉన్న అతుకు, లోపల సగం మందం కూడా లేకుండా ఉంటుంది. రెండు మూడు నెలల వణుకుకు గీత అక్కడే మొదలవుతుంది.

దీనికి విరుగుడు లోపల కూడా ఆర్గాన్ నింపడం. పైపు చివర్లు అల్యూమినియం టేపుతో మూసి, ఒకవైపు గొట్టం పెట్టి, ఇంకోవైపు చిన్న రంధ్రం వదిలి, నాలుగైదు నిమిషాలు నెమ్మదిగా గ్యాస్ పోనివ్వాలి. వెల్డింగ్ సాగుతున్నంతసేపూ సన్నగా పారుతూనే ఉండాలి. ఒత్తిడి ఎక్కువైతే కరిగిన లోహాన్ని బయటికి తోసేస్తుంది, అందుకే ఆ రంధ్రం. రెయిలింగు పనిలో దీని అవసరం రాదు కాబట్టి రెయిలింగు వెల్డర్‌కి అలవాటుండదు. ఇది చేయని చోట ఎస్ఎస్ వద్దే వద్దు, ఎంఎస్ చేయించుకోండి.

టైటానియం గురించి క్లుప్తంగా: బరువు ఉక్కులో 57 శాతం, ధర మాత్రం అడక్కండి. వేడిగా ఉన్నంతసేపూ గాలి తగలకూడదు. లోపల, బయట, టార్చి దాటిపోయిన వెనకభాగంలో కూడా ఆర్గాన్ ఉండాలి. తెల్లటి పొడి వచ్చిందంటే ఆ అతుకు కోసి పారేయాల్సిందే. ఇక అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, 200 దాటితేనే బలం పడిపోతుంది. చివరనున్న శబ్దం తగ్గించే డబ్బాకి బావుంటుంది, కోనులున్న పొట్ట భాగానికి, అంటే ఛాంబర్‌కి, పనికిరాదు.

రాడ్డు, సీఓ2, గ్యాస్, ఆర్గాన్

రాడ్డు వెల్డింగ్ ప్రతి వీధిలో ఉంది. 2.5 మి.మీ. రాడ్డు మండాలంటే 60 నుంచి 90 ఆంపియర్లు కావాలి, 1 మి.మీ. రేకు తట్టుకునేది 40 చుట్టూ. ఈ ఒక్క లెక్క చాలు, అది కోనులకు పనికిరాదని చెప్పడానికి. ఇంజన్‌కు బిగించే ఫ్లాంజికో మందపాటి బ్రాకెట్‌కో వాడుకోవచ్చు.

కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ కాపులో వైరు కరిగించే సీఓ2 వెల్డింగ్‌తో 1 మి.మీ. ఎంఎస్ రేకు అతికించవచ్చు, చాలామంది అలాగే చేస్తారు. 0.8 మి.మీ. వైరు, తక్కువ వోల్టేజీ, ఒకేసారి లాగకుండా చుక్కచుక్కగా పెట్టుకుంటూ పోవాలి. వేగంగా అవుతుంది, ఖర్చు తక్కువ. లోటు ఏమిటంటే అతుకు ఉబ్బెత్తుగా, గట్టిగా వస్తుంది. సుత్తితో సరిచేయబోతే పక్కన రేకు చీలుతుంది. గ్రైండర్‌తో చదును చేయబోతే రేకు కూడా పల్చబడుతుంది. ఆర్గాన్ 80, సీఓ2 20 పాళ్లలో కలిపిన గ్యాస్ వాడితే చిటపటలు తగ్గి, అతుకు కాస్త నున్నగా వస్తుంది.

గ్యాస్ వెల్డింగ్ అంటే కుర్రకారుకు చిన్నచూపు. నాకు మాత్రం గౌరవం. ఆక్సిజన్-ఎసిటిలీన్ మంటతో, చిన్న నాజిల్‌తో, రాగి పూత ఉన్న 1.6 మి.మీ. రాడ్డుతో చెయ్యి తిరిగిన పెద్దాయన వేసిన అతుకు మెత్తగా ఉంటుంది. రేకుతో పాటే సుత్తికి సాగుతుంది. వంపు తిరిగే పైపులకు కోను ముక్కలు ఒకదానికొకటి కలిపేటప్పుడు ఈ గుణం ఎంతో కలిసొస్తుంది. లోపం: వేడి ఎక్కువ మేర పాకుతుంది, రేకు వంకర పోతుంది, పని నెమ్మది. ఎస్ఎస్‌కు పనికిరాదు. మంట తటస్థంగా ఉండాలి, ఆక్సిజన్ ఎక్కువైతే అతుకు మాడుతుంది. ఒక హెచ్చరిక: కొందరు పని తేలికని ఇత్తడి పోసి అతికిస్తారు. ఇత్తడి 900 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, పోర్టు దగ్గర అది నమ్మదగ్గది కాదు. పైగా ఒకసారి ఇత్తడి పట్టిన చోట తర్వాత మామూలు వెల్డింగ్ సరిగ్గా నిలవదు.

ఆర్గాన్ వెల్డింగ్, అంటే టిగ్, ఈ పనికి రారాజు. వేడి ఎంత కావాలో అంతే, ఎక్కడ కావాలో అక్కడే. అంచులు సందు లేకుండా కలిస్తే చాలా చోట్ల ఫిల్లర్ (అతుకులో కలిపే తీగ) కూడా అక్కర్లేకుండా రెండు అంచులూ కలిసి కరుగుతాయి. ఫిల్లర్ పెట్టేటప్పుడు ఎంఎస్‌కు ఈఆర్ 70ఎస్-2 రకం తీగ మంచిది. దొరక్కపోతే సీఓ2 మిషన్ వైరు ముక్క కత్తిరించి వాడేవాళ్లున్నారు, అదీ నడుస్తుంది. 304కు 308ఎల్. ఎంఎస్ ఫ్లాంజికి ఎస్ఎస్ పైపు అతికించాలంటే 309ఎల్. ఇక్కడ 308 పెడితే ఎంఎస్ కలిసి పల్చబడి అతుకు పగిలే అవకాశం ఉంది.

టిగ్‌కున్న బలహీనత ఒకటే: మురికిని సహించదు. రెండు దశాబ్దాలు ఆయిల్ తాగిన పాత సైలెన్సర్‌ను తెచ్చి ఆర్గాన్ పెట్టమంటే కరిగిన లోహం ఉడికిపోతుంది, బుడగలొస్తాయి. ముందు లోపలి మసిని కాల్చి, అతుకు చుట్టూ రెండువైపులా తెల్లటి లోహం కనిపించేదాకా గీకాలి. బ్రేకు క్లీనర్ స్ప్రేతో కడిగి వెంటనే వెల్డ్ చేయడం ప్రాణం మీదకు తెచ్చుకోవడం. క్లోరిన్ ఉన్న రకాలు ఆర్క్ (వెల్డింగ్ మెరుపు) వెలుగుకు ఫాస్జీన్ అనే విషవాయువుగా మారతాయి. ఎసిటోన్‌తో తుడిచి, ఆరనిచ్చి, ఆ తర్వాతే పని మొదలెట్టాలి.

మిషన్ కొనాలనుకునేవాళ్లకు

ఇంట్లోనే నేర్చుకుని చేసుకుందామనుకునేవాళ్లు పెరిగారు. మంచిదే. మిషన్ మీద పెద్ద అక్షరాల్లో "200 ఆంప్స్" అని ఉంటుంది, దాన్ని పట్టించుకోకండి. ఈ పనికి చూడాల్సింది కింది అంకె: 10-15 ఆంపియర్ల దగ్గర ఆర్క్ వణక్కుండా నిలుస్తుందా లేదా. తర్వాత, టార్చి మొనగా ఉండే టంగ్‌స్టన్‌ను రేకుకు తాకించకుండా ఆర్క్ పుట్టించే హెచ్ఎఫ్ (హై ఫ్రీక్వెన్సీ) ఉందా. గీసి వెలిగించే మిషన్‌తో ప్రతి టాక్ (అంచులు పట్టి ఉంచే చిన్న అతుకు) దగ్గరా టంగ్‌స్టన్ మొన పాడవుతుంది. కాలి పెడల్ పెట్టుకునే వీలుంటే ఇంకా మేలు. అంచు చివరికి వచ్చేసరికి రేకు వేడెక్కి ఉంటుంది, అక్కడ కాలితో వేడి తగ్గించకపోతే బొక్కే. ఏసీ, డీసీ రెండూ ఉన్న ఖరీదైన మిషన్ అల్యూమినియం కోసం. సైలెన్సర్లకు డీసీ చాలు.

1.6 మి.మీ. టంగ్‌స్టన్, గ్యాస్‌ను సమంగా పంచే గ్యాస్ లెన్స్, నిమిషానికి 6 నుంచి 8 లీటర్ల ఆర్గాన్. 7 ఘనపు మీటర్ల పెద్ద సిలిండర్ ఈ లెక్కన 15 గంటల దాకా ఆర్క్ ఇస్తుంది. ఎర్ర తల ఉన్న టంగ్‌స్టన్‌లో థోరియం ఉంటుంది, కొద్దిపాటి రేడియోధార్మికత. దాని మొన చెక్కేటప్పుడు దుమ్ము పీల్చకూడదు. లాంథనం రకం దొరుకుతున్నప్పుడు అది ఎందుకు? ఊళ్లలో ఓల్టేజీ ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి తక్కువ ఓల్టేజీకి కూడా పనిచేసే మిషన్ చూసుకోండి. ఇప్పుడు చేతిలో పట్టుకునే లేజర్ వెల్డర్లు కూడా వస్తున్నాయి. పల్చటి రేకుకు అద్భుతంగా పనిచేస్తాయి, కానీ వాటి కాంతి ఒక్కసారి తిరిగి కంట్లో పడితే చూపు పోతుంది. ఇంట్లో పెట్టుకునే వస్తువు కాదు.

మనిషిని ఎలా ఎంచుకోవాలి

హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్నవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. జీడిమెట్ల, పాశమైలారం వైపు మందుల కంపెనీల్లో స్టెయిన్‌లెస్ పైపులకు లోపల ఆర్గాన్ నింపి అతికించడం వెల్డర్లకు రోజువారీ పని. డెయిరీ పైపులు చేసేవాళ్లదీ అంతే. అతుకు లోపల నున్నగా లేకపోతే అక్కడ సరుకే తీసుకోరు. అలాంటి పనిలో ఉన్న మనిషి సెలవు రోజున చేసిపెడతానంటే ఎస్ఎస్ కోనులు నిశ్చింతగా అప్పగించవచ్చు. ఎంఎస్ గ్యాస్ వెల్డింగ్‌కి మాత్రం విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల బాడీ పనిలో పండిన చేతులను వెతుక్కోండి. పల్చటి రేకు వాళ్లకు వెన్నతో పెట్టిన విద్య.

కొత్తవాడైతే ఫొటోలు చూసి నిర్ణయించకండి. ఫోన్‌లో చూపించే అతుకులన్నీ బయటివైపువే. మీ పైపుకు వాడే రేకులోంచే రెండు ముక్కలు ఇచ్చి, ఒక జానెడు అతికించమనండి. వెనక్కి తిప్పి చూడండి: అతుకు లోపలికి కొద్దిగా దిగి సన్నటి గీతలా కనిపించాలి. దిగకపోతే కరగలేదని అర్థం, ముద్దలుగా వేలాడితే వేడి ఎక్కువైందని. తర్వాత ఆ ముక్కను వైసులో పెట్టి అతుకు మీద మడవండి. రేకు వంగాలి, అతుకు విచ్చుకోకూడదు. ఎస్ఎస్ మీద లేత బంగారు రంగు మంచిది, నీలం పర్వాలేదు, బూడిద రంగు వస్తే ఇంకొకరిని వెతుక్కోండి. ఈ పరీక్షకు చిరాకుపడే వెల్డర్ దగ్గర ఎలాగూ చేయించకపోవడమే నయం.

ఒక మాట వెల్డర్ల తరఫున కూడా చెప్పాలి. చెడ్డ అతుకుల్లో సగం పాపం రేకు కోసినవాడిది. కోను కాగితం మీద సరిగ్గా గీయకుండా అంచుల మధ్య 2 మి.మీ. సందు వదిలి తెచ్చి ఇస్తే ఎవరైనా ఏం చేయగలరు? గీత కష్టం కాదు. పెద్ద వ్యాసం 90, చిన్నది 50, వాలు పొడవు 201 మి.మీ. ఉన్న కోను తీసుకుందాం. వాలు పొడవును పెద్ద వ్యాసంతో గుణించి, రెండు వ్యాసాల తేడాతో భాగిస్తే బయటి వృత్తఖండం వ్యాసార్థం వస్తుంది: 452. అందులోంచి 201 తీసేస్తే లోపలిది 251. కోణం: వ్యాసాల తేడాను 180తో గుణించి వాలు పొడవుతో భాగించాలి, దాదాపు 36 డిగ్రీలు. ముందు అట్టముక్క మీద కత్తిరించి, చుట్టి, బండికి పెట్టి చూసుకున్నాకే రేకు మీద చెయ్యి వేయండి. చుట్టిన కోను అంచులు గోరు కూడా దూరనంత దగ్గరగా రావాలి. టాకులు అంగుళానికొకటి, ఒకవైపు నుంచి వరుసగా కాకుండా ఎదురెదురుగా పెట్టించండి.

బిగించాక

వెల్డింగ్ అయిన పైపును ఒక చివర మూసి, సబ్బునీళ్లు రాసి నోటితో ఊదినా సరే, లీకు ఎక్కడుందో బుడగలు చెప్పేస్తాయి. బ్రాకెట్‌ను నేరుగా పొట్ట మీద అతికించనివ్వకండి. గుండ్రటి మూలలున్న చిన్న పలక ఒకటి ముందు పైపుకు అతికించి, దాని మీద బ్రాకెట్ పెట్టించాలి. లేకపోతే వణుకుకు రేకుతో సహా ఊడి వస్తుంది. ఎంఎస్‌కు వేడి తట్టుకునే సిలికాన్ పెయింటు వేసి, దాని డబ్బా మీద చెప్పిన ప్రకారం దశలవారీగా కాల్చాలి. పౌడర్ కోటింగ్ ఛాంబర్ వేడికి ఆగదు.

కొత్త పైపుతో కార్బురేటర్‌లో పాత జెట్టు (పెట్రోలు కొలిచి వదిలే రంధ్రం) పెట్టి గట్టిగా తోలితే పిస్టన్ పట్టేస్తుంది. గాలి లాగుడు మారుతుంది కాబట్టి పెద్ద మెయిన్ జెట్టుతో మొదలుపెట్టి, ప్లగ్గు రంగు చూస్తూ కిందికి దిగాలి. చివరి సన్న గొట్టాన్ని సౌండు కోసం ఇంకా సన్నం చేయించడం కూడా ఇంజన్‌ను ఉడికించడమే.

సౌండు మాట వచ్చింది కాబట్టి: గ్లాస్ ఊల్ నింపిన డబ్బా లేకుండా రోడ్డెక్కకండి. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 190(2) కింద శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే మొదటి తప్పుకే మూడు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మూడు నెలలు లైసెన్సు కూడా ఉండదు. పట్టుకున్న సైలెన్సర్లను పోలీసులు రోడ్ రోలర్‌తో తొక్కించడం మీరూ చూసే ఉంటారు. దాని కింద టిగ్ అతుకుకూ రాడ్డు అతుకుకూ తేడా ఉండదు.

మొదటి వంద కిలోమీటర్లు తిరిగాక పైపు చల్లారనిచ్చి, ఫ్లాంజి పక్కన, బ్రాకెట్ పలక చుట్టూ, సన్న గొట్టం మొదలయ్యే చోట గుడ్డతో తుడిచి చూడండి. టూ-స్ట్రోక్‌లో చీలిక దాగదు, నల్లటి నూనె మరక వేసి మరీ చూపిస్తుంది. గీత కనిపిస్తే దాని రెండు కొసల్లోనూ 2 మి.మీ. రంధ్రం వేయించి, ఆ తర్వాతే వెల్డ్ చేయించండి. ఊరికే పైన పూస్తే చీలిక అతుకు కిందుగా పాకి ఇంకో పక్క తేలుతుంది.